చేనులోని పంట – లెక్కలోని పంట

మండల వ్యవసాయాధికారి, బి.యస్సి. (వ్యవసాయము)



ఈ పత్రికలో మా వంటి వారు సాధారణముగా విత్తనశుద్ధిని గూర్చియో, కాండము తొలుచు పురుగును గూర్చియో, పచ్చిరొట్ట ఎరువులను గూర్చియో వ్రాయుట అలవాటు. ఈ సారి నేను పురుగును గూర్చి గాక, పరిపాలనను గూర్చి వ్రాయదలచినాను. వ్యవసాయాధికారికి పరిపాలనతో ఏమి పని అని మీలో కొందరికి తోచవచ్చును. కాని నేడు మీ పైరుకు నీరు, ఎరువు ఎంత అవసరమో, ఆ పైరు ప్రభుత్వపు లెక్కలో సరిగా నమోదై ఉండుట కూడ అంత అవసరమైపోయినది. మద్దతు ధరకు ధాన్యము అమ్ముకొనవలెనన్నా, పంటల బీమా అందవలెనన్నా, తుఫానుకు పోయిన పంటకు పెట్టుబడి రాయితీ రావలెనన్నా, మా ఆంధ్రప్రదేశ్ లో ముందుగా చూచునది ఈ-పంట నమోదును. చేనులో పంట ఉండి లెక్కలో లేకపోయినచో, ఆ పంట లేనట్లే లెక్క. ఇది న్యాయము కాదని మీకును తెలియును, నాకును తెలియును. కాని జరుగుచున్నది ఇదే. కావున దీనిని గూర్చి మనము దాపరికము లేకుండ మాట్లాడుకొనవలెను.

ఒక తల్లి అడిగిన ప్రశ్న

2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపమున తీరము దాటినది. కోతకు వచ్చిన వరి చేలు పడిపోయినవి. కోసి పనలుగా వేసిన వరి నీటిలో నానినది. అట్టి చేలలో మూడు ఎకరముల చేను ఒకటి, నేను పనిచేయుచున్న ప్రాంతములో, ఒక కౌలు రైతుది. ఆమె భర్త పోయిన పిమ్మట తానే కౌలు చేయుచున్నది. ఏబదియైదు సంవత్సరములు దాటిన మనిషి. ఊరి పేరు, మనిషి పేరు ఇక్కడ అవసరము లేదు.

నష్టపు జాబితా వచ్చిన తరువాత ఆమె మా ఆఫీసుకు వచ్చి, నా బల్లకు ఎదురుగా నిలువబడి, "బాబూ, ఆ ఫోనులో నా చేను ఉన్నదా?" అని అడిగినది. నేను చూచినాను. చేను ఉన్నది. సర్వే నంబరు సరిగానే ఉన్నది. మూడు ఎకరములు, వరి, నాటిన తేదీ, చేలో తీసిన ఫోటో, అన్నియు ఉన్నవి. కాని సాగుదారు అన్న చోట భూమి యజమాని పేరు ఉన్నది. ఆయన హైదరాబాదులో ఉద్యోగము చేసికొనుచున్నాడు. ఆ సంవత్సరము చేను గట్టు తొక్కి ఎరుగడు.

ఎట్లు జరిగినదో విచారించినాను. ఆగస్టు నెలలో నమోదు సమయమున ఆమె బొటనవ్రేలి ముద్రను యంత్రము మూడు సార్లు తీసికొనలేదు. ముప్పది సంవత్సరములు నాట్లు వేసిన చేతులవి, వ్రేలిరేఖలు ఎక్కడ మిగులును? కౌలు కార్డు కొరకు యజమాని సంతకము అడిగినది గాని, ఆయన ఊరికి రాలేదు. గడువు దగ్గరకు వచ్చినది. చేను ఖాళీగా చూపించరాదు గనుక, భూమి రికార్డులో ఉన్న పేరుతో నమోదు చేసినారు. తనిఖీ చేయవలసిన వారు తనిఖీ చేసినారు. చివరకు ఆమోదించిన వ్రేలు నాది. ఆ రోజు నేను కొన్ని వందల నమోదులను ఒకే కూర్చున్న చోటున ఆమోదించినాను. అందులో ఇది ఒకటి.

"పంట నాది, పేరు ఆయనదా?" అన్నది ఆ తల్లి. నాకు సమాధానము లేకపోయినది. తరువాత ఊరి పెద్దలు ఫోను చేసి చెప్పగా, యజమాని తన ఖాతాలో పడిన సొమ్ములో సగము ఆమెకు పంపినాడు. అది ఆయన మంచితనము. కాని పంట పండించిన మనిషికి హక్కుగా రావలసినది, మంచితనముగా సగము రావలెనా? ఆ ప్రశ్న నన్ను నేటికిని విడువలేదు. ఈ వ్యాసము వ్రాయుటకు కారణము అదే.

కరణము గారి పెట్టె నుండి కంప్యూటరు వరకు

యంత్రము వచ్చి చెడగొట్టినది, పూర్వమే బాగుండెడిది అని కొందరు అనుచుందురు. ఆ మాటతో నేను ఏకీభవించను. పూర్వము ఊరి లెక్క అంతయు కరణము గారి ఇంటిలో, ఆయన పెట్టెలో ఉండెడిది. అడంగలు నకలు కావలెనన్న, ఆయన ఇంటి అరుగు మీద కూర్చుండి ఆయన వీలు కొరకు ఎదురుచూడవలసినదే. చదువు వచ్చిన వారు తక్కువ గనుక, అందులో ఏమి వ్రాసినది ఊరిలో చాలమందికి తెలిసెడిది కాదు. మంచి కరణములు ఉన్నారు, కాని మంచితనము ఆ మనిషిని బట్టి ఉండెడిదే గాని, ఏర్పాటును బట్టి కాదు. 1984లో ప్రభుత్వము ఆ వంశపారంపర్యపు గ్రామోద్యోగములను రద్దు చేసినది. మరుసటి సంవత్సరము మండలములు ఏర్పడినవి. ఆఫీసు ఊరికి దగ్గరైనది.

విస్తరణ వైపు చూచినను ఇట్టి నడకయే కనుపించును. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము, 1953లో జాతీయ విస్తరణ సేవ ప్రారంభమైనప్పుడు, గ్రామసేవకుడు సైకిలు మీద ఊరూరు తిరిగి రైతుతో మాట్లాడవలెనని ఉద్దేశము. ఆనాటి ఆలోచన ఏమనగా, ప్రభుత్వము అన్నది ఆఫీసులో కూర్చుండిన కాగితము గాక, చేను గట్టున నిలుచుండిన మనిషి కావలెను. 2019 అక్టోబరు 2వ తేదీన మా రాష్ట్రములో గ్రామ సచివాలయములు ప్రారంభమైనవి. 2020 మే నెలలో పది వేలకు పైగా రైతు భరోసా కేంద్రములు వచ్చినవి. వాటిని 2024 తరువాత రైతు సేవా కేంద్రములని పిలుచుచున్నారు. పేరు ఏదైనను, ఒక చదువుకొన్న వ్యవసాయ సహాయకుడు ఊరిలోనే ఉండుట గొప్ప మేలు. ఇది మన పెద్దలు ఆశించినదే.

కంప్యూటరు కూడ మనకు నిన్న మొన్న వచ్చినది కాదు. 1998లోనే ఆనాటి ఆంధ్రప్రదేశ్ లో దస్తావేజుల రిజిస్ట్రేషను ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చినవి. 2011లో మీసేవ వచ్చినది. 2019 నుండి పి.యం. కిసాన్ క్రింద భూమి గల రైతు కుటుంబమునకు సంవత్సరమునకు 6,000 రూపాయలు మూడు విడతలుగా నేరుగా బ్యాంకు ఖాతాలో పడుచున్నవి. మధ్యలో ఎవరి చేతిని తడుపనవసరము లేదు. ఇది చిన్న విషయము కాదు. ఆఫీసు గుమస్తాకు దండము పెట్టకుండ సొమ్ము అందుకొనుట రైతు గౌరవమునకు సంబంధించిన సంగతి.

యంత్రము చేయగలది, చేయలేనిది

అయినను, ఒక సంగతి మనము మరువరాదు. యంత్రము తనకు చెప్పినదానిని మరువదు, కాని చెప్పినది నిజమో కాదో దానికి తెలియదు. తప్పుగా వ్రాసిన లెక్కను కరణము గారు చేతితో కొట్టివేసి దిద్దెడివారు. అందులో అక్రమమునకు అవకాశము ఉన్నది, నిజమే. కాని తప్పును సవరించుటకు ఒక ద్వారము కూడ ఉండెడిది. యంత్రములో తప్పు ఒక్కసారి ఎక్కినచో, దానిని దించుటకు ఎవరిని అడుగవలెనో రైతుకు తెలియదు. "సర్వరులో అట్లే వచ్చినది, మేము ఏమి చేయగలము?" అని క్రింది ఉద్యోగి అనును. "క్రింది నుండి అట్లే వచ్చినది" అని పై ఉద్యోగి అనును. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మన సామెత. నేడు పూజారి కూడ నిస్సహాయుడై గర్భగుడి తలుపు వైపు చూపించుచున్నాడు.

ఎద్దు ఈనినదన్న గాటిలో కట్టివేయుమన్నట్లు, పై నుండి వచ్చిన లెక్కను ప్రశ్నింపకుండ ఆమోదించుట మా ఉద్యోగులలో ఒక అలవాటుగా మారినది. ఆగస్టు నెలలో నేను చేసినదియు అదే. ఆ అలవాటు యంత్రము వలన వచ్చినది కాదు. యంత్రము దానిని త్వరితము మాత్రము చేసినది. పూర్వము పది తప్పులు చేయుటకు పది దినములు పట్టెడిది. ఇప్పుడు ఒక గంటలో వంద తప్పులు చేయవచ్చును.

పొరుగున ఉన్న తెలంగాణ అనుభవమును కూడ మనము గమనింపవలెను. అక్కడ 2020 అక్టోబరులో ధరణి వచ్చినది. రిజిస్ట్రేషను జరిగిన రోజుననే పేరు మారుట అందులోని సౌకర్యము. అయితే రికార్డులో తప్పులున్న రైతులకు వాటిని దిద్దించుకొనుట కష్టమైనది. సాగు చేయుచున్న వాని పేరు వ్రాయు గడి కూడ ఆ రికార్డులో లేకపోయినది. తరువాత 2025లో భూభారతి చట్టము తెచ్చి, అప్పీలు చేసికొను అంచెలను తిరిగి కల్పించినారు. దీని వలన మనకు తెలియు నీతి ఒక్కటే. నమోదు చేయు ద్వారము ఎంత వెడల్పు ఉండునో, సవరించు ద్వారము కూడ అంత వెడల్పు ఉండవలెను.

కౌలుదారు ఎక్కడ?

కృష్ణా, గోదావరి డెల్టాలలో చాల చేలలో నాగలి పట్టినవాడు ఒకడు, పట్టా ఉన్నవాడు ఒకడు. ఈ సంగతి ఊరిలో పిల్లవానికి కూడ తెలియును. ప్రభుత్వమునకు తెలియదని కాదు. 1956లోనే ఆంధ్ర కౌలుదారీ చట్టము వచ్చినది. కాని నోటి మాట కౌలు కాగితము మీదికి ఎక్కలేదు. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించి చేలను బీడు పెట్టినప్పుడు, సేద్యపు కష్టము దేశమునకంతకు తెలిసినది. అదే సంవత్సరము కౌలుదారులకు ఋణ అర్హత కార్డులిచ్చు చట్టము వచ్చినది. 2019లో దాని స్థానమున పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చి, పదకొండు నెలల కాలమునకు కార్డు ఇచ్చు ఏర్పాటు చేసినది. ఆ కార్డు వలన యజమాని భూమి హక్కునకు ఎట్టి భంగమును లేదని ఆ చట్టము చెప్పుచున్నది.

మరి యజమానులు ఎందుకు వెనుకాడుచున్నారు? నేను అడిగి తెలిసికొన్న కారణములు రెండు. మొదటిది భయము. "సంతకము పెట్టినచో రేపు భూమి వానిదే అనును" అని. రెండవది అప్పు. ఆ భూమి మీద యజమాని తానే పంట ఋణము తీసికొని ఉండును. కౌలుదారు పేరు వ్రాసినచో అది బయటపడును. ఈ రెండు కారణములలో ఒక్కటియు కంప్యూటరుకు సంబంధించినది కాదు. వీటిని ఎంత మంచి యంత్రమైనను తీర్చలేదు. మనుష్యులు కూర్చుండి మాట్లాడి తీర్చవలసినవి.

2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గము 2,817 కోట్ల రూపాయలతో డిజిటల్ వ్యవసాయ మిషన్ ను ఆమోదించినది. ప్రతి రైతుకు ఒక సంఖ్య, ప్రతి చేనుకు ఒక పటము, ప్రతి ఋతువులో పంటల సర్వే దానిలోని ముఖ్య భాగములు. ఉద్దేశము మంచిది. కాని రైతు అనగా ఎవరు అన్న ప్రశ్నకు మనము ముందు సరియైన సమాధానము చెప్పుకొనవలెను. భూమి కాగితము ఉన్నవాడే రైతు అని వ్రాసికొన్నచో, కొత్త సంఖ్యలు పాత అన్యాయమును మరింత గట్టిపరచును. పునాది వంకరగా వేసి గోడ నిటారుగా కట్టలేము గదా.

గ్రామ సహాయకుని రోజు

ఇక మా ఉద్యోగుల పక్షమున కూడ రెండు మాటలు చెప్పవలసియున్నది. ఒక లెక్క వేసి చూడండి. ఒక ఊరిలో ఎనిమిది వందల చేనుముక్కలు ఉన్నవనుకొందము. ఒక్కొక్క ముక్క దగ్గరకు నడచి, పైరు చూచి, ఫోటో తీసి, సాగుదారును పిలిచి, వివరములు ఎక్కించుటకు పది నిమిషములు పట్టినచో, ఎనిమిది వేల నిమిషములు. అనగా నూట ముప్పదిమూడు గంటలు. దినమునకు అయిదు గంటలు చేలలో తిరిగినను ఇరువదియేడు దినములు. వానకు, బురదకు, సర్వరు ఆగిపోవుటకు, ఎరువుల పంపిణీకి, సమావేశములకు ఈ లెక్కలో చోటు లేదు.

ఆ ఇరువదియేడు దినములు ఎప్పుడు వచ్చును? నాట్లు ముగిసి, పిలక దశలో కాండము తొలుచు పురుగు, ఆకుముడుత చూడవలసిన దినములలోనే వచ్చును. రైతు వచ్చి, "మొవ్వు చచ్చుచున్నది, చూడండి" అనును. సహాయకుడు, "నమోదు గడువు ఉన్నది, రేపు వత్తును" అనును. వ్యవసాయము చదివిన పిల్లవాడు వ్యవసాయము చెప్పుటకు తీరిక లేక ఫోను వైపు చూచుచుండును. పని మీద శ్రద్ధ లేక కాదు. రాత్రి పైవారు అడుగునది ఎన్ని నమోదులైనవి అన్న అంకెయే గాని, ఎన్ని చేలు బాగుపడినవి అన్నది కాదు. అంకె కావలెనన్నచో అంకె వచ్చును. చేలోకి దిగకుండ గట్టు మీద నుండి, గట్టు మీదికి వెళ్లకుండ ఇంటి నుండి నమోదు చేయుటకు ఆశ పుట్టును. తప్పులు అక్కడ మొదలగును. ఆ తప్పులకు ఆ పిల్లవానిని ఒక్కనినే శిక్షించిన, మరుసటి ఋతువులో మరియొకడు అదే తప్పు చేయును.

శాఖలు చేయవలసినవి

నేను చిన్న ఉద్యోగిని. అయినను చేలో తిరుగువాడను గనుక, నాకు తోచినవి మనవి చేయుచున్నాను.

మొదటిది: భూమి ఎవరిది అన్న ప్రశ్నను, పంట ఎవరిది అన్న ప్రశ్నను వేరు చేయవలెను. పంట ఎవరిదో ఊరి వారు ఇరుగుపొరుగు సాక్ష్యముతో చెప్పగలరు. చేనుకు నాలుగు వైపుల ఉన్న రైతులలో ఇద్దరు, "ఈ ఋతువులో ఈ చేను ఫలానా ఆమె సాగు చేసినది" అని గ్రామసభలో చెప్పినచో, పంట నష్టపు సహాయము వరకైనను ఆ మాట చెల్లవలెను. దాని వలన భూమి హక్కు మారదని అదే కాగితము మీద పెద్ద అక్షరములతో అచ్చువేయవలెను.

రెండవది: వ్రేలిముద్ర పడని వారిని వెనుకకు పంపరాదు. ముఖము చూచి గుర్తించుట, ఫోనుకు వచ్చు అంకె, అవి రెండును కానప్పుడు అధికారి స్వయముగా చూచి సంతకము చేయుట, ఈ మూడు దారులును తెరచి ఉండవలెను. వ్రేలు అరిగినది పనిచేసినందువలన. పనిచేసినందుకు శిక్ష ఉండరాదు.

మూడవది: నమోదు జాబితాను గోడకు అంటించి ఊరకుండక, గ్రామసభలో బిగ్గరగా చదివి వినిపించవలెను. ఇది మనకు క్రొత్త కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టము క్రింద పనులు 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలోనే ప్రారంభమైనవి. ఆ తరువాత సామాజిక తనిఖీలో ఇంటింటికి వెళ్లి కూలీల పేర్లు, దినములు చదివి వినిపించి, ఆ పిమ్మట మండలములో అందరి ఎదుట విచారించుటలో మన రాష్ట్రము దేశమునకు దారి చూపినది. పంటల జాబితాకు కూడ అదే పద్ధతి ఉండవలెను. ఆ ఆగస్టు నెలలో ఎవరైనను ఆ జాబితాను ఊరి మధ్య చదివియున్నచో, ఆ తల్లి అక్కడనే లేచి "అది నా చేను" అని యుండెడిది. అంతతో సరిపోయెడిది.

నాలుగవది: ఏ దరఖాస్తునైనను త్రోసివేసినచో, ఎందుకు త్రోసివేసినది తెలుగులో ఒక్క వాక్యములో వ్రాసి ఇవ్వవలెను. దానిని దిద్దుటకు అధికారము ఎవరికి ఉన్నది, ఎన్ని దినములలో దిద్దవలెను అన్నది కూడ అందులో ఉండవలెను. ఆ అధికారము మండలము దాటిపోరాదు. కోడు నెంబరు ఒకటి చూపించి పంపివేయుట సమాధానము కాదు.

అయిదవది: ఒకసారి ఇచ్చిన కాగితమును మరల అడుగరాదు. ఆధారు, పాసు పుస్తకము, బ్యాంకు పుస్తకము నకళ్లు ఒకే రైతు రెవిన్యూ వారికి, మాకు, బ్యాంకుకు, ధాన్యము కొనువారికి వేరువేరుగా ఇచ్చుచున్నాడు. లెక్కలన్నియు యంత్రములో ఉన్నవని మనమే చెప్పుచు, నకళ్లు రైతు చేత మోయించుట సరికాదు. తిరుగుట కాగితము పని, రైతు పని కాదు.

ఆరవది: గ్రామ సహాయకుని పనిని అంకెతో గాక, చేనుతో కొలువవలెను. నమోదు దినములలో ఇతర పనులు తగ్గించవలెను. పై అధికారులు, నాతో సహా, ఆమోదించుటకు ముందు కొన్ని చేలనైనను తామే ఎంచుకొని, గట్టున నిలువబడి చూడవలెను. నేను ఇప్పుడు నా మండలములో యజమాని ఊరిలో లేని చేలను వేరుగా జాబితా వ్రాయించి, వాటిని చూచిన తరువాతనే ఆమోదించుచున్నాను. ఆలస్యమగుచున్నది. పై నుండి జ్ఞాపికలు వచ్చుచున్నవి. అయినను ఆ మూడు ఎకరముల సంగతి మరల జరుగుట కంటె జ్ఞాపిక అందుకొనుట మేలు.

రైతులు చేయవలసినవి

పరిపాలన బాగుపడవలెనన్న, మా వైపు నుండి మాత్రమే చాలదు. మీరును కొన్ని పనులు చేయవలెను.

నమోదుకు గడువు చివరి దినము వరకు వేచియుండవద్దు. సహాయకుడు మీ చేనుకు వచ్చినప్పుడు మీరు కూడ చేనులో ఉండండి. నమోదైన పిమ్మట వివరములను ఒకసారి చదివించుకొనండి. సర్వే నంబరు, విస్తీర్ణము, పంట, రకము, నాటిన తేదీ, సాగుదారు పేరు, ఈ ఆరును చూడవలెను. రసీదు అడగండి. దానిని పాసు పుస్తకములో పెట్టి ఉంచండి.

ఆధారులోని పేరు, పాసు పుస్తకములోని పేరు, బ్యాంకులోని పేరు ఒకటిగా ఉన్నవో లేవో ఇప్పుడే చూచుకొనండి. ఒకచోట ఇంటి పేరు ముందు, మరియొక చోట వెనుక ఉన్నను చిక్కు రావచ్చును. తుఫాను వచ్చిన తరువాత దిద్దుకొనుటకు తీరిక ఉండదు. ఫోను నెంబరు మారినచో బ్యాంకులోను, ఆధారులోను మార్పించుకొనండి.

ఫోనుకు వచ్చు ఓటీపీ అంకెను ఎవరికిని చెప్పవద్దు. పి.యం. కిసాన్ పేరుతో వాట్సాపులో వచ్చు ఫైళ్లను తెరువవద్దు. వాటిలో మీ ఖాతా ఖాళీ చేయు మోసములు ఉన్నవి. ఏ ప్రభుత్వ ఉద్యోగియు మీ ఓటీపీని ఫోనులో అడుగడు. సందేహమున్నచో రైతు సేవా కేంద్రమునకు స్వయముగా రండి.

జాబితా గోడకు పెట్టినప్పుడు మీ పేరు మాత్రమే చూచుకొని పోవద్దు. ప్రక్క చేను కౌలుదారు పేరు కూడ చూడండి. చదువు రాని వారికి చదివి చెప్పండి. జాబితా చూపనిచో, 2005 సమాచార హక్కు చట్టము మీ చేతిలో ఉన్నది. అడుగుట తప్పు కాదు.

భూమి యజమానులకు ఒక ప్రత్యేక మనవి. కౌలు కార్డుకు మీ సంతకము పదకొండు నెలల పంటకే గాని, మీ తాతల నాటి భూమికి కాదు. మీ చేను బీడు పడకుండ కాపాడుచున్నది ఆ కౌలుదారే. కౌలు మీరు తీసికొనుచున్నారు. పంట పోయినప్పుడు వచ్చు సహాయమును కూడ మీరే తీసికొనుట ధర్మము కాదు. ఊరికి వచ్చినప్పుడు ఒక గంట తీరిక చేసికొని సచివాలయమునకు వచ్చి సంతకము చేయండి. రాలేకపోయినచో, ముందుగానే మాకు ఫోను చేసి ఎవరు సాగు చేయుచున్నదియు చెప్పండి.

ముగింపు

పరిపాలనను బలపరచుట అనగా పెద్ద భవనములు, క్రొత్త యంత్రములు మాత్రమే కాదు. చేనులో ఉన్న నిజము, మార్గమధ్యమున చెడిపోకుండ, లెక్క వరకు చేరుట. లెక్కలో తప్పు దొరలినప్పుడు, దానిని దిద్దుటకు ఒక మనిషి, ఒక బల్ల, ఒక గడువు ఉండుట. ఈ రెండును ఉన్నచో కంప్యూటరు రైతుకు మంచి సేవకుడగును. ఇవి లేనిచో, కరణము గారి పెట్టె కంటె దానికి తాళము గట్టిది మాత్రమే అగును.

ఆ తల్లి మరుసటి ఖరీఫులో కూడ అదే మూడు ఎకరములు చేసినది. నమోదు దినములలో మేము ఆమె చేనుకు వెళ్లినాము. యజమానికి అక్కడ నుండియే ఫోను చేసి మాట్లాడినాము. వారము తరువాత ఆయన వచ్చి సంతకము చేసినాడు. ఆమె వ్రేలిముద్ర ఆ సారియు పడలేదు. ముఖము చూపించగా నమోదైనది. "ఇప్పుడు నా చేను నాదేనా బాబూ?" అని నవ్వినది. "చేను ఆయనదేనమ్మా, పంట నీది" అన్నాను.

ఆ ఒక్క ముక్క సరియైనది. మండలములో ఇంకను చాల ముక్కలున్నవి. రాబోవు ఋతువులో నమోదు మొదలైన దినముననే మీ గట్టు మీద మీరు నిలుచుండండి. మేమును వచ్చెదము.